ఈ నాణెం యాడ కొట్టినారు?

పోయిన వారం గుడియాత్తం బజారులో స్టీలు డబ్బా కొంటూ, మూత తీసి లోపల చూడటానికి బదులు బోర్లించి అడుగు చూశాను. అంగడతను నవ్వి, ఆ పెద్దాయన మీకు చుట్టమా అక్కా అని అడిగాడు. కాదన్నాను. ఆయన పోయి నాలుగు నెలలైంది. ఊళ్ళో ఎవరు దేన్ని బోర్లించినా ఇంకా ఆయనే గుర్తొస్తున్నారన్నమాట.

ఆయన చేతికి ఏ వస్తువు ఇచ్చినా ముందు తిరగేసేవారు. కాఫీ ఇస్తే లోటా కంటి ఎత్తుకు లేపి, అడుగున ముద్ర చదివి, ఆ తరవాత తాగేవారు. కుర్చీ వేస్తే వంగి దాని కింద చూసి కూర్చునేవారు. ఒక గృహప్రవేశంలో ఎవరో పెద్దమనిషి తెచ్చిన వెండి కుందిని అందరి ముందూ బోర్లించి, ఇది వెండి కాదు పూత అని చెప్పి, పాయసం రెండోసారి అడిగి వేయించుకున్నారు. ఎవరి పరువో పోయిందని ఆయనకు తట్టనే లేదు. ఆ ఇంటివాళ్ళు మాత్రం ఆ తరవాత ఏ శుభకార్యానికైనా ఆయన్ని కానుకలు బీరువాలో పెట్టేశాకే పిలిచేవారు.

మనుషుల్ని కూడా తిరగేసేవారు. పేరు అడిగేవారు కాదు. "యాడినుంచి?" అని అడిగేవారు. వేలూరు అంటే సరిపోదు. "అంతకుముందు?" అనేవారు. కనియంబాడి అంటే, మళ్ళీ "అంతకుముందు?" మా వైపు తెలుగువాళ్ళం ఈ తమిళ నేలకొచ్చి వందల ఏళ్ళయింది. మూడో "అంతకుముందు?"కు ఎవరి దగ్గరా జవాబు ఉండదు. అప్పుడాయన తల ఊపి, "సరి, లేబుల్ చినిగిపోయింది" అని వదిలేసేవారు. ఒకసారి బండి కాగితాలు అడిగిన పోలీసును కూడా ఇలాగే మూడు తరాలు వెనక్కి నడిపించారు. ఆ పోలీసు విసిగిపోయి కాగితాలు చూడకుండానే పొమ్మన్నాడు.

అది ఆయన ఉద్యోగం నేర్పిన అలవాటు. అరక్కోణం రైల్వే పార్శిల్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళకు పైగా గుమాస్తా. లేబుల్ ఊడిపోయిన మూటలన్నీ చివరికి ఆయన బల్ల దగ్గరికి వచ్చేవట. గోనెసంచి కుట్టు, తాడు ముడి, అంటుకున్న మట్టి చూసి ఏ స్టేషన్‌లో ఎక్కిన మూటో చెప్పేవారట. ఆ ముడి ఆ ఊరి హమాలీలే వేస్తారు అనేవారు. రిటైరయి గుడియాత్తం వచ్చేసరికి మూటలు లేవు. చెయ్యి ఊరుకోలేదు. వేలూరు కోట ఎదురుగా పాత నాణేలు అమ్మే ఒకాయన దగ్గర ఏదో సాయంత్రం రోమను వెండి నాణెం ఒకటి చూశారు. ఆ కాలపు నాణేల మీద చక్రవర్తి బొమ్మ ఉంటుంది, పేరు ఉంటుంది, బిరుదులు ఉంటాయి. కొట్టిన ఊరి పేరు మాత్రం ఉండదు. అంతే. ఆయనకు మిగిలిన జీవితానికి సరిపడా పని దొరికింది.

ఒక్క నాణెం కూడా ఆయన కొనలేదు. ఎవరి దగ్గరైనా ఉందంటే బస్సెక్కి పోయి, ఫొటో తీసుకుని, నా జిరాక్స్ షాపుకు వచ్చేవారు. ఇక్కడి బళ్ళలో చెప్పేది తమిళమే, నేను మాత్రం పదో తరగతి దాకా చిత్తూరులో తెలుగులో చదివాను. కాబట్టి ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళు వేలమంది ఉన్నా, తెలుగులో టైపు చేయడానికి నేనొక్కదాన్నే ఉన్నాను. చదవడానికి ఆయనొక్కరే ఉన్నారు. ఆ రకంగా ఒకరికొకరం ఖాతాదారులం.

నాణెం తలను ఏ3 కాగితం మీదికి పెంచమనేవారు. ఆధార్ కార్డుల మధ్య, రేషన్ కార్డుల మధ్య చక్రవర్తుల ముక్కులు జానెడు పొడుగున నా మిషన్‌లోంచి బయటికొచ్చేవి. క్యూలో నిలబడ్డవాళ్ళు, ఈసారి మన వార్డుకు ఈయనా నిలబడేది అని అడిగేవారు. ఆయన వాటిని నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, చెవి వంపు, మెడ వెనక వేలాడే రిబ్బను, అక్షరాల కాళ్ళు చూసేవారు. ఒకే అచ్చుతో కొట్టిన నాణేలకు అచ్చు మీది పగులు కూడా ఒకటే ఉంటుందని నాకు చూపించారు. ఒక అచ్చు ఏ ఊరిదో తేలితే, ఆ పగులున్న నాణేలన్నీ ఆ ఊరివే. "మూట మీద ముడి ఉన్నట్ల, అంతేనమ్మా" అనేవారు.

అసలు సంగతి మా తెలుగు సంఘం అధ్యక్షుడి ఇంట్లో మొదలైంది. అధ్యక్షుడికి లుంగీల వ్యాపారం. మనిషి మంచివాడే, చందాలు ఇస్తాడు, చావులకు ముందుగా వస్తాడు. సంఘానికి కొత్త హాలు కట్టించాడు. హాలు కట్టాక అందులో పెట్టడానికి ఒక చరిత్ర కావలసివచ్చింది. అప్పుడు ఆయనకు తల్లి పూజగదిలోని వెండి బిళ్ళ గుర్తొచ్చింది. మోర్ధానా కాలువ కింద వాళ్ళ పొలంలో తాత కాలంలో నాగలికి తగిలిందట. ఒకవైపు ఒక తల. రెండోవైపు ఇద్దరు మనుషులు నిలబడి, మధ్యన డాళ్ళు, ఈటెలు. ఆ తల్లి నలభై ఏళ్ళుగా వాళ్ళను రామలక్ష్మణులని పూజించింది. చక్రవర్తి ముక్కు రంధ్రంలో పసుపు గట్టిపడి ఉంది.

పెద్దాయన ఒక్క చూపు చూసి, ఇది రోము చక్రవర్తి బొమ్మ, ఆ ఇద్దరూ ఆయన మనవళ్ళు అన్నారు. అధ్యక్షుడు ఆనందంతో లేచి నిలబడ్డాడు. మా పూర్వీకులు రోముతో వ్యాపారం చేసినవాళ్ళని అప్పటికప్పుడు తేల్చేశాడు. వాళ్ళు ఇక్కడికొచ్చింది ఆ నాణెం పుట్టిన వెయ్యేళ్ళ తరవాత కదా అన్న అనుమానం ఎవరికీ రాలేదు. నాణేన్ని హాల్లో గాజుపెట్టెలో పెట్టాలని, పక్కన నల్లరాతి మీద "రోము నగరంలో ముద్రితము, మన పూర్వీకుల వాణిజ్య వైభవం" అని తెలుగులో చెక్కించాలని, పెద్దాయన చేత ధ్రువపత్రం రాయించాలని నిర్ణయమైంది.

వారం తరవాత అధ్యక్షుడి లుంగీల అంగట్లోనే కమిటీ కూర్చుంది. ఆహ్వానపత్రిక నమూనా చూపించడానికి నేనూ వెళ్ళాను. పెద్దాయన కాగితాలు పరిచి, రోము రాజ్యపు నాణెం మాదిరే ఉంది గానీ ఈ రకం కొట్టింది రోము ఊళ్ళో కాదన్నారు. ఆ కాలంలో వాళ్ళ వెండి నాణేలు ఎక్కువగా కొట్టిన ఊరు లియాన్ అని, అదిప్పుడు ఫ్రాన్సులో ఉందని చెప్పారు.

కమిటీలో ఒకాయన, ఫ్రెంచివాళ్ళంటే పాండిచ్చేరి కదా, పాండిచ్చేరికి బస్సులో పోయి వస్తాం, దానికి గాజుపెట్టె ఎందుకు అన్నాడు. ఇంకొకాయన, విదేశం ఏదైతేనేం అన్నాడు. అధ్యక్షుడికి మాత్రం కోపం వచ్చింది.

"ఏం మామా, ఒక ఊరి పేరు పెట్టుకోని ఇంకో ఊర్లో చేస్తారా యాడన్నా?"

ఆయన వెనక కప్పు దాకా లుంగీల కట్టలు. ప్రతి కట్ట మీదా "అసలైన గుడియాత్తం లుంగీ" అని బంగారు రంగు లేబుల్. ఆ కట్టలు ఏ రైల్లో, ఎంత దూరం నుంచి వస్తాయో అక్కడ అందరికీ తెలుసు. పాత పార్శిల్ గుమాస్తాకు ఇంకా బాగా తెలుసు. కమిటీ మొత్తం లుంగీల వైపు చూసి, తరవాత నేల వైపు చూసింది. పెద్దాయన చెయ్యి అప్పటికే ఒక లుంగీ అంచు దగ్గరికి పోతోంది. నేను ఆ చేతిలో కాఫీ లోటా పెట్టాను. ఆయన దాన్ని ఎత్తి అడుగు చూడటంలో పడ్డారు. సభ ముగిసింది.

అక్కడితో ఆగి ఉంటే లియాన్‌తో ఎలాగో సర్దుకునేవాళ్ళేమో. ఆయన ఆగలేదు. అధ్యక్షుడి తల్లిని బతిమాలి, తడి పుల్లతో మూడు రోజులు కూర్చుని పసుపు తీశారు. మళ్ళీ ఫొటో తీసి పరుగున నా దగ్గరికి వచ్చారు. డెబ్భై దాటిన మనిషి పరుగెత్తడం నేను అప్పుడే చూశాను. పెంచి తీశాం. నాణెం చుట్టూ అక్షరాలు ఉండాల్సిన చోట నిలువు గీతలు, సున్నాలు, కొక్కేలు ఉన్నాయి. మొదటిచూపుకు అక్షరాల్లాగే ఉన్నాయి. చదవబోతే ఒక్కటీ అక్షరం కాదు. చక్రవర్తి కళ్ళు కూడా మన గుళ్ళో విగ్రహాల కళ్ళలా చెవుల దాకా సాగి ఉన్నాయి.

"ఇది లియాన్‌లో కొట్టింది గాదమ్మా," అన్నారు. కాగితాన్ని నా వైపు తిప్పారు. "ఆడినుంచి వచ్చిన నాణేన్ని ముందర పెట్టుకోని మన పక్కనే ఎవరో చేసినాడు. ఆయప్పకు ఆ అక్షరాలు రావు. చూడు, అయినా ఒక్క గీత వదల్లేదు."

జీవితంలో మొదటిసారి ఒక మూట ఈ ఊరినుంచే బయల్దేరిందని ఆయనకు తేలింది. ఆ సాయంత్రం నా షాపులో ఉన్నవాళ్ళందరికీ టీ తెప్పించారు. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. టీ మాత్రం తాగారు.

కమిటీకి అది వేరేగా వినిపించింది. మన వైపు చేసింది అంటే దొంగ నాణెం అని అర్థం. డూప్లికేట్‌కు హాలు కట్టామా అని ఒకాయన అడిగాడట. అధ్యక్షుడు రెండు రోజులు ఆలోచించి, పెద్దాయన ఇంటికి తనే వెళ్ళాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. పెద్దాయనకు నాణేల కంటే ముందునుంచీ ఒక కోరిక ఉంది. ప్రతి ఆదివారం ఒక గదిలో కూర్చుని మావాళ్ళకు తెలుగు అక్షరాలు నేర్పాలని. ఇంట్లో పొద్దున లేచినప్పటినుంచీ తెలుగులోనే పోట్లాడుకుంటాం. గోడ మీద తెలుగులో రాస్తే అది ముగ్గు అనుకుంటాం. ఆయన పన్నెండేళ్ళుగా సంఘాన్ని ఒక గది అడుగుతున్నారు. పేర్లు కూడా రాయించుకున్నారు, పద్నాలుగు మంది. వాళ్ళలో ఇద్దరు అప్పటికే పోయారు. వాళ్ళ పేర్ల పక్కన సంతానం పేర్లు చేర్చారు.

అధ్యక్షుడు వచ్చిపోయిన మర్నాడు ఆయన ఆ జాబితా పట్టుకుని షాపుకు వచ్చారు.

"రోము అని రాస్తే రూము ఇస్తానన్నాడమ్మా. మేడమీదది. ఫ్యాను కూడా ఉండాది."

ధ్రువపత్రం టైపు చేయమన్నారు. ఆయన చెబుతుంటే కొట్టాను. "ఈ నాణెం రోము నగరంలో ముద్రించినదని" దాకా వచ్చింది. తెర మీద ఆ మాట వైపు చాలాసేపు చూశారు. జాబితాలో పేర్లను వేలితో ఒక్కొక్కటే తాకారు. పద్నాలుగో పేరు దాకా పోయి, మళ్ళీ మొదటికి వచ్చారు. రాసేయండి పెద్దనాయనా, ఎవరు చూడొచ్చారు అని నా నోటిదాకా వచ్చింది. ఈనాటికీ అది అననందుకు సంతోషపడాలో, అనాల్సిందో నాకు తెలియదు.

"తీసెయ్యమ్మా," అన్నారు. "అక్షరాలు రానోడు గూడా ఉన్నది ఉన్నట్ల చేసినాడు. అక్షరాలు వచ్చినోణ్ణి, నేను లేనిది రాసేదా?"

తీసేశాను. ఇంకొకటి చెప్పారు, అది టైపు చేశాను. ఈ నాణెం రోములో కొట్టింది కాదు, లియాన్‌లో కొట్టిందీ కాదు, మన వైపునే ఒక పనివాడు చూసి చేసినది, అతనికి ఆ అక్షరాలు తెలియకపోయినా ఒక్క గీత కూడా వదలలేదు అని. కింద సంతకం చేసి, ఆయనే తీసుకెళ్ళి అధ్యక్షుడి చేతికి ఇచ్చారు. అధ్యక్షుడు దాన్ని తీసుకుని, ఏముందో నోటితో చెప్పించుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడట. మేడమీది గది పెళ్ళిళ్ళ ప్లాస్టిక్ కుర్చీలకు పోయింది.

ధ్రువపత్రం ఇంకో చోటినుంచి వచ్చింది. వేలూరులో రాళ్ళ ఉంగరాలు అమ్మే ఒక నిపుణుడు నాణేన్ని రెండు నిమిషాలు దీపం కింద పెట్టి, రోము అని రాసి, మూడు ముద్రలు వేసి ఇచ్చాడు. అధ్యక్షుణ్ణి పచ్చరాయి పెట్టుకోమని కూడా చెప్పాడు. పెట్టుకున్నాడు.

రాతి మీద చెక్కే వాక్యం టైపు చేసింది నేనే. అది నా పని, చేశాను. కాదంటే ఇంకెవరూ లేరు కాబట్టి ఇంకా గట్టిగా కాదనాల్సిందేమో. పెద్దాయనకు చెప్పుకుంటే, "నువ్వు లేబుల్ అతికించినావు, సరుకు నీది గాదు" అన్నారు. ఆ ఫైలు వేలూరులో రాయి చెక్కే అతనికి వెళ్ళింది. అతను తమిళుడు. అతని కంప్యూటర్లో తెలుగు సరిగా తెరుచుకోలేదు. గుడులు, కొమ్ములు, పొల్లులు, సున్నాలు అక్షరాల నుంచి ఊడి పక్కకు పడ్డాయి, ఒత్తులు మామూలు అక్షరాలైపోయాయి. చూడటానికి చిందరవందరగా ఉందని అతను వాటన్నిటినీ ఏరి, కొన్ని చెత్తని తీసేసి, మిగిలినవి అడుగున ఒక వరసగా తోరణంలా పేర్చాడు. నమూనా అధ్యక్షుడి ఫోనుకు పంపించాడు. అధ్యక్షుడు బొటనవేలు బొమ్మ పంపాడు.

హాలు తెరిచిన రోజు పెద్దాయనకు వెనక వరసలో కుర్చీ దొరికింది. కూర్చునే ముందు వంగి దాని కింద చూశారు. అందరూ భోజనాలకు లేచాక ఇద్దరం రాయి దగ్గరికి వెళ్ళాం. నల్లటి రాయి, బంగారు రంగు అక్షరాలు. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని పైకి చదివారు.

"రమ నగరల మదరతమ. మన పరవకల వణజయ వభవ."

నేను రాయి మీదికి వంగి చూశాను. ఆయన ఇంకోసారి చదివారు. తరవాత అడుగున తోరణాన్ని వేలితో తడిమి, "గుడులన్నీ ఈడ ఉండాయి" అన్నారు. ఆ తరవాత నవ్వడం మొదలుపెట్టారు. గోడ పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. వడ్డన దగ్గరున్నవాళ్ళు ఇటు తిరిగి, మామ రాయి చూసి ఆనందంతో ఏడుస్తున్నాడని చెప్పుకున్నారు.

చెప్పేద్దామా అని అడిగాను. ఆయన వద్దన్నారు. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు కదా అన్నారు. తరవాత నవ్వు ఆపి, నెమ్మదిగా, "వాళ్ళే చదువుకోనీ" అన్నారు.

ఎవరూ చదువుకోలేదు. రెండేళ్ళు ఆ రాయి ముందు నిలబడి పెళ్ళికొడుకులు ఫొటోలు తీసుకున్నారు. ప్రతి తప్పునూ పదిమందిలో చెప్పే ఆ మనిషి ఆ ఒక్కటి ఎవరికీ చెప్పలేదు. నాణేల పని చేస్తూనే ఉన్నారు. తన పనివాడు చేసిన నాణెం ఇంకొకటి దొరుకుతుందేమో, అదే అచ్చు పగులు ఉంటుందేమో అని వేలూరుకు తిరుగుతూనే ఉన్నారు. దొరకలేదు.

వేలూరులో ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూడటానికి వెళ్ళాను. మాట సన్నబడింది. సూది వేయడానికి వచ్చిన నర్సును యాడినుంచి తల్లీ అని అడిగారు. ఆ అమ్మాయి కనియంబాడి అంది. అంతకుముందు అని అడిగారు. ఆ అమ్మాయి కాస్త ఆలోచించి, తెలియదు తాతా, మీరు బాగై లేచి కనుక్కుని చెప్పండి అంది. ఆయనకు ఆ జవాబు చాలా నచ్చింది. నాలుగో రోజున పోయారు.

సంతాపసభ ఆ హాల్లోనే పెట్టారు. మూడొందల మంది దాకా వచ్చారు. అధ్యక్షుడు మాట్లాడుతూ కంట తడి పెట్టుకున్నాడు. అది నిజమైన తడే. ఆ తడితోనే, మన నాణెం రోము నగరంలో కొట్టిందని ఈ లోకానికి చాటిన మహానుభావుడు మా మామ అన్నాడు. అందరూ తలలు ఊపారు. చనిపోయినవాడు కాదనలేడు. బతికున్నప్పుడు కాదన్నది ఎవరూ చదవలేదు. ఆ తరవాత అధ్యక్షుడు నా వైపు తిరిగి, "నీకు తెలుగు వచ్చు గదమ్మా, మామ గుర్తుగా ఆ రాయి మీదది అందరికీ ఒకసారి చదివి వినిపించు" అన్నాడు.

లేచి రాయి దగ్గరికి నడిచాను. మైకు ఇచ్చారు. రాయి మీద రమ నగరల మదరతమ అని ఉంది. ఆ అక్షరాల మీద వేలు పెట్టి, ఒక్కొక్క మాటా ఆపి చదివాను.

"ఈ నాణెం రోములో కొట్టింది కాదు. లియాన్‌లో కొట్టిందీ కాదు. మన వైపునే ఒక పనివాడు చూసి చేసినది. అతనికి ఆ అక్షరాలు తెలియవు. అయినా ఒక్క గీత కూడా వదలలేదు."

చప్పట్లు మోగాయి. సంతాపసభలో చప్పట్లు కొట్టకూడదని గుర్తొచ్చి మధ్యలో ఆపేశారు. మన వైపునే చేసినదంట అని ముసలావిడ ఒకామె పక్కనామెకు గర్వంగా చెప్పడం వినబడింది. అధ్యక్షుడు రాయిని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ రాయిని చూశాడు. కాదని చెప్పాలంటే చదవాలి.

మర్నాడు పొద్దున్నే షాపుకు వచ్చాడు. గొడవకేమోనని కుర్చీలోంచి లేచాను. ఆయన కూర్చోకుండా, గుమ్మంలోనే, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

"నిజం చెప్పమ్మా, ఆ రాయి మీద ఏముండాది?"

"నేను చెప్తే నమ్మేదెట్లన్నా? మీరే చదువుకోండి" అన్నాను.

ఎన్నాళ్ళు పడుతుందని అడిగాడు. ఆదివారం ఆదివారం వస్తే మూడు నెలల్లో అక్షరాలు పడతాయన్నాను. చెప్పినట్టే వచ్చాడు. జిరాక్స్ మిషన్ పక్కన స్టూలు వేసుకుని, పచ్చరాయి ఉంగరం తీసి జేబులో పెట్టుకుని, అ నుంచి మొదలుపెట్టాడు. నాలుగో వారం ఒంటరిగా సిగ్గుగా ఉందని ఇద్దరు కమిటీ వాళ్ళను వెంట తెచ్చాడు. స్టూళ్ళు చాలక హాలు మేడమీది గదిలోంచి ప్లాస్టిక్ కుర్చీలు దించి షాపుకు తెచ్చారు. ఇంకో నెలకు, కుర్చీలు దించేకంటే మనమే ఎక్కేది సులువని అధ్యక్షుడే అన్నాడు. ఇప్పుడు ఆ గదిలో పదకొండు మంది ఉన్నారు.

పోయిన ఆదివారానికి క నుంచి ఱ దాకా అయింది. గుణింతాలు ఇంకా మొదలుపెట్టలేదు. పాఠం అయ్యాక అధ్యక్షుడు కింద రాయి దగ్గరికి దిగి, చాలాసేపటికి తిరిగి వచ్చాడు. ముఖం చెమట పట్టి ఉంది.

"చదివినానమ్మా. ఒక్క అక్షరం వదలకుండా అంతా చదివినా. అర్థమే కాలేదు." చొక్కా చేతితో నుదురు తుడుచుకున్నాడు. "ఇంకా ఎన్ని పాఠాలు ఉండాయి?"

ఇంకా శానా ఉండాయన్నా అన్నాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, నోటుబుక్కులో కొత్త పేజీ తీశాడు.